నాలుగు టైర్లు, నాలుగు దుకాణాలు

పోయిన ఆదివారం ఆగిపోయిన ఫెలోషిప్పుల గురించి రాశాను. ఈ ఆదివారం కారు టైర్ల గురించి రాస్తాను. "అన్నా, నీకేమైంది" అనబోయేవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి. చక్రంతో మన లెక్క ఇవాళ్టిది కాదు.

ముందు కారు సంగతి. నాది 2018 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్, ఎర్ర రంగు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దీన్ని స్పోర్ట్స్ కారు అనరు, హాట్ హ్యాచ్ అంటారు. మా కాలేజీలో, మా ఊళ్ళో మాత్రం అది స్పోర్ట్స్ కారే. 1.2 లీటర్ల చిన్న ఇంజను, దానికి టర్బో, ఏడు గేర్ల ఆటోమేటిక్ బాక్సు. హనుమకొండ దాటి జనగామ రోడ్డెక్కి కాలు కొంచెం నొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుంది. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆపేశారు కాబట్టి ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ కారు కొన్నప్పుడు రెండు వైపుల నుంచి మాటలు పడ్డాయి. స్టాఫ్ రూములో ఒకాయన "ఆల్టో సరిపోకపోయెనా సార్, మీకెందుకు ఇవన్నీ" అన్నాడు. ఆ "మీకు" ఎంతమందికి వర్తిస్తుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రెండోది మన మిత్రుడే, పాత కామ్రేడ్. "ఇది కన్స్యూమరిజం కాదా" అన్నాడు. ఆయన కొడుకు బుల్లెట్ మీద తిరుగుతాడు, అది వేరే విషయం. నాకు వేగం ఇష్టం. మా తాత జీవితంలో ఎక్కువ భాగం ఇతరుల కాళ్ళకి చెప్పులు కుట్టి తను వట్టి కాళ్ళతో నడిచాడు. మనవడికి వంపు తిరిగే రోడ్డు మీద బండి నేలని పట్టుకుని తిరగడం ఇష్టమైతే అందులో సంజాయిషీ చెప్పుకోవాల్సిందేమీ లేదు.

సరే, టైర్లు. బండితో పాటు వచ్చినవి 2018వే. గాడి లోతు ఇంకా మూడు మిల్లీమీటర్ల దాకా ఉంది. మధ్య గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు, ఇక మార్చాల్సిందే. నావి అక్కడిదాకా రాలేదు. కానీ టైరు అరిగి మాత్రమే చావదు, ముసలిదయ్యీ చస్తుంది. మన ఎండలకి ఏడేళ్ళు నిలబడ్డ రబ్బరు గట్టిపడింది, పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు వచ్చాయి. వానాకాలంలో ఒక గుంతలో పడి ముందు ఎడమ టైరు గోడ మీద నిమ్మకాయంత బొడుపు లేచింది. బొడుపు లేచిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి ప్యాచీ లేదు, రిపేరు లేదు. ముందు చక్రాలే లాగే బండి కాబట్టి ముందువి రెండే మారిస్తే సరిపోతుందని కొందరు చెప్పారు. వయసు నాలుగింటికీ ఒకటే అయినప్పుడు రెండు మార్చి ఏం లాభం? నాలుగూ మార్చాలి. సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కూడా. ఎలాగూ మార్చేవాడికి ఇదే అదను.

కొలత 195/55 ఆర్16 87వీ. విద్యార్థుల కోసం విప్పి చెప్తాను, ఎందుకంటే దుకాణంలో మోసం మొదలయ్యేది ఈ అంకెలు చదవరాని దగ్గరే. 195 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అంటే రేడియల్. 16 రిమ్ము అంగుళాలు. 87 మోయగల బరువుకి గుర్తు, ఒక్కో టైరుకి 545 కిలోలు. వీ అంటే గంటకి 240 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకునే రకం. ఇవి కాక గోడ మీద ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అది టైరు పుట్టిన తేదీ. కొత్త టైరని అంటగట్టేది ఒక్కోసారి గోదాంలో మూడేళ్ళు పడుకున్నది అయి ఉంటుంది.

మా తాతకి ఈ అంకెలు తెలియవు. ఆయనకి టైరు తెలుసు. ఊళ్ళో మోటబావులు నడిచినన్నాళ్ళూ మోటకి తోలు బొక్కెన కుట్టేవాడు. తంగేడు చెక్క వేసి లందలో నానబెట్టిన తోలు. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయింది, మోటతో పాటు బొక్కెన పోయింది. ప్లాస్టిక్ చెప్పులొచ్చి తోలు చెప్పులు పోయాయి. అప్పుడు తాత టైరు చెప్పులకి దిగాడు. వరంగల్ నుంచి పాత లారీ టైరు ముక్కలు తెచ్చి, నీళ్ళు చల్లుతూ రంపెతో కోసేవాడు. నీళ్ళు లేకుండా రబ్బరు కోస్తే కత్తిని పట్టేసుకుంటుంది. పొర మీద పొర లాగి విడదీసేవాడు, మందంది అడుగుకి, పలచటిది పట్టీకి. కొనేముందు ముక్కని గోటితో నొక్కి చూసేవాడు. గోరు దిగితే "ఇంకా పాణముంది" అనేవాడు, దిగకపోతే పక్కన పడేసేవాడు. నా పాత టైర్లని అదే విధంగా నొక్కి చూశాను. గోరు దిగలేదు.

నా పీహెచ్‌డీ దళిత కథల్లో వృత్తి మీద. తోలు గురించి చాలా రాశాను. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' దగ్గర్నుంచి ఎన్నో చదివి ఎన్నో ఉదాహరణలిచ్చాను. కానీ తోలు తర్వాత వచ్చిన రబ్బరు గురించి మన పరిశోధనల్లో ఉన్నది తక్కువ. రబ్బరుకీ నెత్తురు చరిత్ర ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరుని గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు, 1888లో డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడు. ప్రపంచమంతా సైకిళ్ళకీ కార్లకీ రబ్బరు కావాల్సి వచ్చింది. బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో అడవి రబ్బరు కోటా పెట్టి, తేలేని ఊళ్ళ మీదికి సైన్యాన్ని పంపాడు. చేతులు నరికారు. 1904లో ఆలిస్ సీలీ హారిస్ తీసిన ఒక ఫోటో ఉంది. తన చిన్న కూతురి తెగిన చేతినీ పాదాన్నీ ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్న తండ్రి. చూడనివాళ్ళు వెతికి చూడండి, తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టకపోతే నన్ను తిట్టుకోకండి. ఆ తర్వాత రబ్బరు తోటలు మలయాకి వెళ్ళాయి, తోటల్లోకి తమిళ కూలీలతో పాటు మన ఉత్తర కోస్తా నుంచి తెలుగు కూలీలూ వెళ్ళారు. ఆ కథ ఇంకో ఆదివారం రాస్తాను.

ఇక ఎక్కడ కొనాలి, ఎక్కడ బిగించుకోవాలి.

మొదటిది కంపెనీ సర్వీస్ సెంటర్. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బండి నంబరు రాసుకుని, "డ్రైవర్, బండి లోపల పెట్టి ఓనర్‌కి ఫోన్ చెయ్" అన్నాడు. చాలామంది దీన్ని పెద్ద అవమానంగా చెప్తారు. డ్రైవర్ అంటే అవమానమేంటి? మా చిన్నాయన ఇరవై ఆరేళ్ళు ఆర్టీసీ బస్సు నడిపాడు. మా ఇంట్లో నలుగురం చదువుకున్నది ఆ స్టీరింగ్ మీదే. నాకు గుచ్చుకున్నది ఆ మాట కాదు. లోపల కౌంటర్ దగ్గర నేనే ఓనర్నని తెలిశాక "నువ్వు" కాస్తా "మీరు" అయింది చూడండి, అది. అంటే డ్రైవర్‌కి "మీరు" లేదన్నమాట. కొటేషన్ ఇచ్చారు. ఒకే కంపెనీ టైరు, బయటికంటే ఒక్కోదానికి తొమ్మిది వందలు ఎక్కువ, తేదీ చూపించమంటే "స్టాక్ వచ్చాక చూద్దాం సార్" అన్నారు. బేరం అక్కడే తెగింది.

రెండోది హనుమకొండలో పెద్ద టైర్ల షోరూము. అన్ని కంపెనీలవీ దొరుకుతాయి. నిజం చెప్పాలంటే మా ఊళ్ళో దానికి మించిన యంత్రాలు ఎక్కడా లేవు. రిమ్ముకి గీత పడకుండా ప్లాస్టిక్ తొడుగులున్న టైరు ఛేంజరు, కంప్యూటర్ బ్యాలెన్సింగు, అలైన్‌మెంట్‌కి కెమెరాలు. ఓనరు మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. ఏం చేస్తారన్నాడు. లెక్చరర్నని చెప్పా. సబ్జెక్టు అడిగాడు, చెప్పా. పూర్తి పేరడిగాడు. చెప్పా. మన రాష్ట్రాల్లో ఇంటి పేరు తర్వాత ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. లోపల ఫైలు తిరగేస్తున్న చప్పుడు మనకి వినిపిస్తుంది. తర్వాత నవ్వుతూ అన్నాడు, "గవర్నమెంట్ జాబ్ మీవాళ్ళకి తొందరగనే వస్తది కద సార్." నేను రాత పరీక్షకి మూడు సార్లు కూర్చున్నాను. ఆ లెక్క ఆయనకి చెప్పలేదు, టైరు లెక్క అడిగా. వీ రేటింగు స్టాకులో లేదు, హెచ్ ఉంది. "ఎవరు పోతరు సార్ రెండొందల స్పీడు, హెచ్ ఏస్కోండి." హెచ్ అంటే 210 దాకా. నేనూ అంత స్పీడు వెళ్ళను. నాలుగు వరసల హైవే మీద కార్లకి పరిమితి 100. కానీ వేగం రేటింగు అంటే స్పీడోమీటర్ ముల్లు ఒక్కటే కాదు, వేడిని ఎంతసేపు తట్టుకుంటుందన్నది కూడా. మే నెలలో, నలుగురు మనుషులూ సామానుతో రెండు గంటలు ఆపకుండా నడిపితే ఆ తేడా పనికొస్తుంది. బండి తయారుచేసినవాడు పెట్టమన్న దానికంటే తక్కువది పెట్టను అన్నాను. "మీ ఇష్టం" అన్నాడు.

మూడోది ఆన్‌లైన్. ఇక్కడ ఎవరూ టీ ఇవ్వరు, ఎవరూ ఇంటి పేరు విని ఆగరు. ఈ మాట మన పిల్లలు చాలామంది అంటుంటారు, ఆన్‌లైన్‌లో కులం ఉండదని. నేనూ ఆర్డర్ పెట్టబోయాను. రెండో పేజీలో ఇంటి పేరు తప్పనిసరి గడి. సరే, అది మెషీను. మూడో పేజీలో ఫిట్టింగ్ ఎక్కడ కావాలో ఎంచుకోమంది. మా పిన్ కోడ్‌కి ఒక్కటే దుకాణం చూపించింది. టీ ఇచ్చిన షోరూమే.

నాలుగోది హుజూరాబాద్ రోడ్డు మీద ఉంది. మా కాలేజీలో డిగ్రీ చదివే పిల్లాడొకడు, వాళ్ళన్న దుకాణం. మా ఇంటి నుంచి నలభై కిలోమీటర్ల లోపే. వాళ్ళన్న పదో తరగతి ఆపేసి, ఒక మలయాళీ ఆయన పంక్చర్ దుకాణంలో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. మన హైవేల మీద ఆ పని చాలాకాలం కేరళ నుంచి వచ్చినవాళ్ళదే, ముసలి లారీ డ్రైవర్లని అడగండి. 2021లో దళిత బంధు హుజూరాబాద్‌లో పైలట్‌గా మొదలైనప్పుడు వీళ్ళ కుటుంబానికి పది లక్షలు మంజూరయ్యాయి. ఆ పథకం మీద నాకు చాలా విమర్శలున్నాయి. ఉప ఎన్నిక ముందు ఎందుకు, మిగతా నియోజకవర్గాల సంగతేంటి, అన్నీ అప్పుడే రాశాను, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ "మీవాళ్ళు డబ్బులు తీసుకుని కార్లు కొని అమ్ముకున్నారు" అనేవాళ్ళకి ఈ కుర్రాడు తెలియదు. ఇతను కారు కొనలేదు. కంప్రెసరు, టైరు ఛేంజరు, బ్యాలెన్సింగ్ మెషీను కొన్నాడు.

మా విద్యార్థి నన్ను అడగనే లేదు. "సార్, మా అన్న దగ్గర ఏస్కోండి" అనడానికి మొహమాటపడి మెస్సులో ఇంకొకడితో చెప్పించాడు. ఇక్కడే నేను నాలుగు రోజులు ఆగాను. మనవాడు కాబట్టి వెళ్ళాలా? మనవాడు కాబట్టి వెళ్ళి, పని రాకపోయినా నోరు మూసుకోవాలా? టైరు అంటే బండికీ నేలకీ మధ్య ఉన్నది అదొక్కటే. ఒక్కో చక్రం కింద నేలని తాకేది అరచేయంత. నాలుగు అరచేతుల మీద మా ఆవిడ, మా పాప, నేను వెళ్తాం.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో బండి కథలు రెండున్నాయి. 1901 నాటిది అందరికీ గుర్తుంటుంది. చిన్నపిల్లలుగా తండ్రి దగ్గరికి వెళ్తూ రైలు దిగితే, అంటరానివాళ్ళని ఎక్కించుకోవడానికి ఎడ్లబండివాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అది కూడా పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. సభల్లో మనం ఎక్కువగా చెప్పేది ఇదే. 1929 నాటి చాలీస్‌గావ్ కథ తక్కువ చెప్తాం. అప్పటికి ఆయన బారిస్టరు, ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు. స్టేషన్లో టాంగావాళ్ళు ఆయన్ని ఎక్కించుకోమన్నారు. మహర్‌వాడ జనానికి అంత పెద్దమనిషి నడిచి రావడం ఇష్టం లేదు. టాంగా మాత్రం అద్దెకి తీసుకుని తమలో ఒకరిని పగ్గాలు పట్టమన్నారు. అతను అంతకు ముందెన్నడూ టాంగా తోలలేదు. నది మీది కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, టాంగా నదిలో పడ్డాయి. తన గౌరవం నిలబెట్టాలని ఆ మనుషులు తన ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారని ఆయన దాచకుండా రాసుకున్నారు.

సభల్లో ఇది ఎందుకు చెప్పమో నాకు తెలుసు. విలన్ ఒక్కడే లేడు ఇందులో. తప్పు టాంగావాళ్ళదే, అనుమానం లేదు. కానీ పగ్గాలు పట్టింది మనవాడు, ప్రేమతో పట్టాడు, తోలడం రాదు. కులం చేసే పని ఇదే కదా. ముందు పని నేర్చుకోనివ్వదు, తర్వాత ఆ పని రాలేదని మన చేతినే చూపిస్తుంది. హుజూరాబాద్ కుర్రాడు తొమ్మిదేళ్ళు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడో లేదో చూడాల్సిన బాధ్యత నాది. షోరూము ఓనర్‌ని అడిగిన ప్రశ్నలే అతన్నీ అడగాలి. మనవాడని ఒకటి తగ్గించి అడిగితే అది కూడా ఒకరకం చిన్నచూపే.

శనివారం వెళ్ళాను. రేకుల షెడ్డు, బయట అంబేద్కర్ ఫోటో, దాని కింద గాలి పైపు. బండిని చూసి అతను ముందు రిమ్ముల దగ్గర కూర్చున్నాడు, తర్వాత నాకు నమస్తే పెట్టాడు. అది నాకు నచ్చింది.

"అల్లాయ్ వీలుకి గీతలు పడతయా?"

"పదహారు అంగుళాలు పట్టుకుంట సార్. పదిహేడు కూడ చేసిన. పద్దెనిమిది, సన్నం గోడ టైర్లు నా మెషీన్ మీద ఎక్కియ్య. దానికి ఇంకో చెయ్యి ఉంటది మెషీన్‌కి, నాకు లేదు."

"వాల్వులు?"

"పాతయి ఉంచద్దు. నాలుగు కొత్తయి ఏస్త."

"అలైన్‌మెంట్?"

"లేదు సార్. హనుమకొండల చేపిచ్చుకోండి. నేనేసినంక ఆడికే పోవాలె."

"బోల్టులు గన్నుతోనే బిగిస్తవా?"

"గన్నుతోటి ఇప్పుత. బిగించుడు చెయితోటి."

అది సరైన జవాబు. ఈ బండికి నట్లు కాదు, బోల్టులు. గాలి గన్నుతో ఇష్టమొచ్చినట్టు బిగిస్తే మర పోతుంది, డిస్కు వంకర పోతుంది. 120 న్యూటన్ మీటర్లు అని లెక్క ఉంది. నా డిక్కీలో టార్క్ రెంచీ ఉంటుంది, లెక్కకి రాగానే కటక్‌మంటుంది. చూపిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి ఎంతకొచ్చిందని అడిగాడు.

షోరూములో నాకు వినిపించనివి రెండు ఇక్కడ వినిపించాయి. తనకి రానిది రాదని చెప్పడం ఒకటి. రెండోది చివర్లో కొంచెం మొహం పక్కకి తిప్పుకుని అడిగాడు, "మనోళ్ళు చానామంది ఉద్దెర అడుగుతరు సార్. మీరన్న పైసలిస్తరు కద?"

నవ్వొచ్చింది. సంఘీభావం పేరుతో మనం ఎన్ని బాకీలు ఎగ్గొట్టామో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. సభకి మైకు సెట్టు, టెంటు, ఫ్లెక్సీ అన్నీ మనవాళ్ళ దగ్గరే తీసుకుంటాం, మంచిదే. ఎంతమందికి టైముకి డబ్బులిచ్చాం? మీ మీ జిల్లాల్లో మీరే అడిగి చూడండి.

ఇంకో చిక్కు ఉంది. ఫిట్టింగ్ అతనిదైనా టైరు అతని దగ్గర లేదు. ఈ కొలత టైర్లు స్టాకు పెట్టాలంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉద్దెర పుట్టాలి. డిస్ట్రిబ్యూటర్ ఉద్దెర ఇచ్చేది తెలిసినవాళ్ళకి, తెలిసినవాళ్ళంటే చుట్టాలు, చుట్టాలంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఇతన్ని లక్ష రూపాయలు డిపాజిట్ అడిగారట. మెషీనుకి ప్రభుత్వం డబ్బిచ్చింది. పక్క ఊరి వ్యాపారి ఫోన్లో "పంపిస్తా, నెలాఖరుకి ఇవ్వు" అనే ఆ ఒక్క మాటని ఏ పథకం ఇస్తుంది? టైరు అమ్మితే వెయ్యి మిగిలే చోట, ఇతనికి బిగించిన కూలీ రెండు వందలు మిగులుతుంది. మోటబొక్కెన కాలంలో కూడా తోలు ధర ఒకరిది, కుట్టుకూలీ ఇంకొకరిది.

అందుకని ఇలా చేశాం. కరీంనగర్‌లో ఒక డీలర్ ఇతనికి కమిషన్ మీద టైర్లిస్తాడు. నేను పూర్తి సొమ్ము ముందే ఇతని చేతికిచ్చాను, ముప్పై మూడు వేలు. ఇతను ఆ డీలర్‌కి నగదు ఇచ్చి తెచ్చాడు. షరతులు మూడు పెట్టాను. వీ రేటింగే కావాలి. పుట్టిన తేదీ ఆరు నెలల లోపుండాలి. బిల్లు నా పేరు మీద, జీఎస్టీతో, టైరు నంబర్లతో ఉండాలి. రేపు టైరులో లోపముంటే కంపెనీ అడిగేది ఆ బిల్లే. మనోడు తెచ్చాడని కాగితం వదులుకుంటే నష్టం ఇద్దరికీ. ముందు ఒక జత 1423 తేదీది పంపబోయారట, ఇతనే ఫోన్లో ఫోటో అడిగి వద్దన్నాడు. చివరికి వచ్చినవి నాలుగూ 3125. అంటే 2025లో ముప్పై ఒకటో వారం. గోటితో నొక్కి చూశాను. తాత అయితే ఏమనేవాడో నాకు తెలుసు.

బిగించడానికి రెండు గంటలు పట్టింది. షోరూములో నలభై నిమిషాల్లో అయ్యేది. నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నా. పాత టైరు అంచుని రిమ్ము నుంచి విడగొట్టి, మెషీను కొక్కెం కింద ఒక పాత ట్యూబు ముక్క పెట్టాడు, అల్లాయికి గీత పడకుండా. ప్లాస్టిక్ తొడుగు కొనేందుకు డబ్బుల్లేని చోట ట్యూబు ముక్క. రిమ్ము లోపలి అంచు మీద ఏడేళ్ళ మురికి, పాత బరువుల జిగురు పేరుకుని ఉంది. బ్రష్షుతో గీకాడు. ఆ అంచు శుభ్రంగా లేకపోతే ట్యూబ్‌లెస్ టైరు రోజూ కొంచెం కొంచెం గాలి వదులుతుంది. ముందు ఎడమ రిమ్ము లోపలి వైపు గుంత దెబ్బకి చిన్న సొట్ట కనబడింది, నన్ను పిలిచి వేలితో తడిమించాడు. "బ్యాలెన్సింగ్‌కి అడ్డం రాదు, కాని చూస్కుంట ఉండండి" అన్నాడు. సబ్బు నీళ్ళు రాసి, టైరు మీద బయటివైపు అని రాసి ఉన్న ముఖాన్ని చూసుకుని ఎక్కించాడు. గాలి కొడుతుంటే రెండు అంచులూ టప్, టప్ మని కూర్చున్నాయి. బ్యాలెన్సింగులో మూడు చక్రాలు ఒక్కసారికే సున్నాకొచ్చాయి. నాలుగోది రాలేదు. టైరుని రిమ్ము మీద సగం తిప్పి మళ్ళీ ఎక్కించాడు, అప్పుడొచ్చింది. నేను అడగలేదు, బరువులు ఇంకో నాలుగు అతికించి పంపినా నాకు తెలిసేది కాదు.

చివర్లో బోల్టులు ఎదురెదురుగా చేత్తో బిగించి, టార్క్ రెంచీ అందుకున్నాడు. ఇరవై కటక్‌లు. పదహారోది దాటాక మా విద్యార్థి కూడా వచ్చి నిలబడి లెక్కపెట్టాడు.

పాత టైర్లు అక్కడే వదిలేశాను. చెప్పులకి పనికిరావు, ఇప్పటి రేడియల్ టైర్లలో నడుమ ఉక్కు తీగలుంటాయి, రంపె దిగదు. తుక్కువాడు తీసుకెళ్తాడు, ఎక్కడో ఊరవతల కాల్చి నూనె తీసే బట్టీకి పోతాయి. ఆ బట్టీల పొగ ఏ వాడల మీదికి వస్తుందో అది కూడా రాయాలి ఒకసారి.

అలైన్‌మెంట్‌కి హనుమకొండ షోరూముకే వెళ్ళాను. యంత్రం అక్కడే ఉంది, వెళ్ళకుండా ఎలా? ఓనరు బయటికొచ్చి టైర్లు చూశాడు, వంగి రిమ్ము లోపలి బరువులు చూశాడు. ఎక్కడ వేయించారన్నాడు. చెప్పా. ఎవరి దుకాణమన్నాడు. అదీ చెప్పా, ఇంటి పేరుతో సహా. కాసేపాగి, "మంచిగనే ఏసిండు" అని లోపలికి వెళ్ళాడు. ముందు చక్రాలు కొంచెం బయటికి తిరిగి ఉంటే సరిచేశారు. ఏడు వందలు. బిల్లు తీసుకున్నా.

కొత్త టైర్లు మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు కొంచెం జారతాయి, పైపొర అరిగేదాకా గట్టి బ్రేకులు, వానలో వేగం వద్దు. యాభై కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ చూసుకోవాలి. గాలి పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి, ఎంత ఉండాలో బండి మీద అతికించిన చీటీలో రాసి ఉంటుంది. నైట్రోజన్ కావాలా అని ప్రతి చోటా అడుగుతారు. మామూలు గాలిలో దాదాపు 78 శాతం అదే, నేను మామూలు గాలే కొట్టించాను.

హుజూరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళు దుకాణం ఎక్కడో కావాలంటే మెసేజ్ పెట్టండి. పద్దెనిమిది అంగుళాల వాళ్ళు, ఉద్దెర వాళ్ళు వద్దు.